నాలుగో కాలం

బల్లార్పూర్ కాగితం మిల్లుల చెడిపోయిన రీములు
కిలో లెక్కన అమ్మేటోళ్లు.
వాటి మీదనే పుట్టింది మా భాష.
పేరు చిర్వ.
అర్థం అడగకుండ్రి,
అర్థం లేకుంట ఉండాలనే పెట్టినం.

అప్పటికి నాకు పదకొండేండ్లు.
మంథనికి పెండ్లికి పోతే
"నీది తెలుగా, మరాఠీయా?" అని పందిట్ల నవ్విండ్రు.
బడిల నిఖాడే బాయి నా మరాఠీ చూసి
నోట్‌బుక్కుకు ఎర్రచీర కట్టింది.
ఎవ్వరూ తప్పు పట్టని మాట ఒకటి కావాలె నాకు.
నిజం చెప్తున్న,
తప్పు పట్టేది నేనే కావాలె.

సైకిల్ స్టాండు ఎనక కూసున్నం
నేను, ఓదెలు, ప్రమోద్ మడావి.
ఎవ్వలకన్న చెప్తా అని బెదిరిస్తే
మా తమ్ముడు సడవలిని గూడ కలుపుకున్నం.
నీళ్లకు ఊమి. అన్నానికి తక్క.
కోపానికి మాటెందుకు, కండ్లున్నయి గదా అన్నడు ప్రమోద్.
క్రియకు మూడు కాలాలు,
మిల్లు భోంగా మూడుసార్లు కూస్తది కాబట్టి.
"పోయిండు" అంటే చాలదు,
ఏ షిఫ్టుల పోయిండో క్రియ తోకకే తెల్వాలె:
సిలకా, సిలటా, సిలమా.

ఓదెలు నాయినకు సాస్తి బొగ్గుబాయిల కొలువైంది.
వార్ధా నది దాటి కాలనీకి పోయిండ్రు.
నది ఎంతనో లేదు, ఎండకాలం మోకాలు తడవది.
ఆర్నెల్లకు ఐతారం నాడొచ్చిండు వాడు
ఊమిని ఊంబి అనుకుంట.
అది పోనీ అనుకున్న.
"సిలడో" అన్నడు.
ఇదేం తోకరా?
"దిగినోడు ఇంకా పైకి రానప్పుడు అనేది.
మా లైన్ల అందరిండ్లల్ల కావాలె."

కుదరదన్న.
తెగిన హవాయి చెప్పు కోసి ముద్ర చేసిన,
బల్లార్పూర్ ప్రామాణికం అని.
తప్పుకో సీతాఫలం జుర్మానా.
వాళ్లు ఊకుంటరా,
బొగ్గుపొడిల అద్దిన ముద్ర ఒకటి తెచ్చిండ్రు,
సాస్తి ప్రామాణికం అని, అక్షరాలు తిరగబడి.
మనిషికి పది గోటీలు కట్టమన్నరు.

వంతెన నడుమ పంచాయితి.
లారీ వచ్చినప్పుడల్లా కఠినమైన వ్యాకరణం ఆపి
కటకటాలకు అతుక్కుంటున్నం.
"మా ఇంట్ల మాట్లాడే గోండికి బడిల పుస్తకమే లేదు,
మీకు రెండు ముద్రలా" అన్నడు ప్రమోద్.
జుర్మానా పండ్లల్ల పెద్దది ఏరుకొని
గింజలు నదిల ఉమ్ముకుంట ఇంటికి పోయిండు.
భాష ఆ రోజే అయిపోయిందో,
ఇంకో రెండు వానకాలాలు నడిచిందో
నాకు యాదికి లేదు.

ఇప్పుడు మిల్లు కాంటా కాడ నా నౌకరి,
వెదురు లారీల బరువు రాస్త.
నిఘంటువును చెదలు తిన్నయి,
క నుంచి త దాకా.

మొన్న శుక్రారం, చంద్రపూర్ దవాఖాన.
సడవలిని లోపలికి తీస్కపోయి ఆరు గంటలు.
ఓదెలు ఫోన్ చేసిండు: "ఏమాయె?"
బాగున్నడు అందామంటే ఎవరు చూసిండ్రు.
తెలుగుల వెతికిన. మరాఠీల వెతికిన.
ఏ క్రియ పట్టుకున్నా
అటన్న తేలుస్తది, ఇటన్న తేలుస్తది.
నోట్ల నుంచి అదే వచ్చింది,
"సిలడో."

అవతల చానసేపు ఏం లేదు.
వాడు ఏడుస్తున్నడనుకున్న.
"డో కాదే. డూ.
మొదటి సంది తప్పే రాసుకున్నవు.
దీర్ఘం తియ్యాలె, మనిషి పైకొచ్చేదాక."

తీసిన.
బెంచీ మీద, చెప్పులు ఇడిచి, కండ్లు మూసుకొని.
పక్కన మఫ్లరు ముసలాయన
ఇది యేడి భాష బిడ్డా అని మరాఠీల అడిగిండు.

సాస్తిది, అన్న.